ఎరుపు కనిపిస్తే ఎముక ఏర్పడినట్టేనా: అనంతపురంలో నా పరిశోధన అనుభవం

సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ముందు జరిగే సెమినార్ నాకు ఈ వారమే ముగిసింది. వేరుశనగ చెక్కలోని ప్రోటీన్ నుంచి పెప్టైడ్‌లు అనే చిన్న ముక్కలను వేరు చేసి, ఎముకను నిర్మించే ఆస్టియోబ్లాస్ట్ కణాల మీద అవి ఏ ప్రభావం చూపుతాయో తెలుసుకోవడం నా అంశం. అనంతపురం జిల్లాలో ఉండి ఈ అంశాన్ని ఎందుకు ఎంచుకున్నావని నన్నెవరూ అడగలేదు. నూనె తీయగా మిగిలిన చెక్క ఇక్కడ పశువుల దాణాకే పోతుంది. బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో వంగిపోయిన నడుములూ బిగుసుకుపోయిన కీళ్లూ కళ్లెదుటే కనిపిస్తాయి.

తొలి దశలు సాఫీగా గడిచాయి. చెక్కలోని కొవ్వు తీసేసి, ప్రోటీన్‌ను క్షార ద్రావణంలో కరిగించి, పీహెచ్ 4.5 దగ్గర అడుగుకు దింపి, ఆల్కలేజ్ ఎంజైమ్‌తో ముక్కలు చేసి, చిన్న ముక్కలను మాత్రమే వదిలే 3 కిలోడాల్టన్ల పొర గుండా వడకట్టాను. చిట్టెలుక పుర్రె ఎముక నుంచి వచ్చిన ఎంసీ3టీ3-ఈ1 కణాలు కూడా బాగానే పెరిగాయి. మామూలుగా పెంచేటప్పుడు విటమిన్ సి లేని ఆల్ఫా మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) వాడండి. లేకపోతే మనం చెప్పకముందే కణాలు ఎముక కణాలుగా పరిపక్వమవడం మొదలుపెడతాయి. ఆ ద్రవంలో కలిపే సీరం పార్సిల్‌ను వారం చివర్లో పంపవద్దని సరఫరాదారుకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. కొనుగోలు విభాగాల మీద మాత్రం ఏ నమ్మకమూ పెట్టుకోవద్దు.

అసలు కష్టం అలిజరిన్ రెడ్ అనే రంగు పరీక్ష దగ్గర మొదలైంది. ఆస్టియోబ్లాస్ట్‌లకు విటమిన్ సి, ఫాస్ఫేట్‌ను అందించే బీటా గ్లిసరోఫాస్ఫేట్ ఇచ్చి సుమారు మూడు వారాలు పెంచితే, అవి కొలాజెన్ అల్లికను పరచి దాని మీద కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజాన్ని నిలుపుతాయి. అలిజరిన్ ఆ కాల్షియాన్ని పట్టుకుని ఎర్రబడుతుంది. పెప్టైడ్ కలిపిన వెల్స్ (ప్లేటులోని చిన్న గుంటలు) మిగతా వాటికంటే ఎంతో ఎర్రగా వచ్చాయి. ల్యాబ్‌లో అందరూ అభినందించారు గానీ, నాకు ఆ ఎరుపు తీరు నచ్చలేదు. కణాలు గుంపుకట్టిన చోట ముద్దలుగా రావలసిన రంగు, ప్లేటు అడుగంతా సన్నని ఇసుక చల్లినట్టు పరుచుకుని ఉంది. వేరుశనగ ప్రోటీన్‌లో గ్లుటామిక్, ఆస్పార్టిక్ ఆమ్లాలు ఎక్కువ. వాటి ఋణావేశం కాల్షియాన్ని దగ్గరకు లాగుతుంది. పైగా మనం పోసే సీరంలోనే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది; అది గ్లిసరోఫాస్ఫేట్‌ను విడగొట్టి ఫాస్ఫేట్‌ను వదులుతుంది. అంటే కణాల ప్రమేయం లేకుండానే ఖనిజం పేరుకునే అవకాశం ఉంది. అలిజరిన్ కాల్షియాన్ని చూపుతుందే తప్ప, దాన్ని అక్కడ చేర్చింది కణమా కాదా అన్నది చెప్పదు. అందుకని కణాలు లేని వెల్స్‌లో అదే మీడియం, అదే పెప్టైడ్ పోసి, అన్నే రోజులు ఉంచి చూడాలని నిశ్చయించుకున్నాను.

ఆర్నెల్లకోసారి జరిగే సమీక్షలో ఈ మాట చెప్పగానే, బయటి నుంచి వచ్చిన నిపుణుడొకరు స్లైడును మధ్యలోనే ఆపించారు.

“ఏమ్మా, రంగు వచ్చింది కదా, ఇంకేం కావాలి నీకు?”

“కణాలు లేని వెల్స్ కూడా చూశాకే చెప్పగలను సార్.”

“కణాలే లేని చోట ఎముకను వెతికే అమ్మాయిని ఇప్పుడే చూస్తున్నాను.”

గదిలో అందరూ నవ్వారు. నా తర్వాత చేరిన విద్యార్థులూ అక్కడే ఉన్నారు. ఖనిజం పెరగడమూ ఎముక బలపడడమూ ఒకటి కాదని చెప్పడానికి 1990లో వెలువడిన సోడియం ఫ్లోరైడ్ పరీక్షను ఉదహరించాను. అమెరికాలో ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉన్న 202 మంది మహిళల మీద నాలుగేళ్లు సాగిన ఆ పరీక్షలో, ఫ్లోరైడ్ తీసుకున్నవారికి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసల విరుగుళ్లు చెప్పుకోదగినంత తగ్గలేదు, ఇతర ఎముకలు విరగడం ఎక్కువైంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగే జిల్లాలో కూర్చుని ఈ సంగతిని పట్టించుకోకపోతే ఎలా? ఆయన అది నా అంశానికి సంబంధం లేనిదన్నారు. నివేదికలో “పురోగతి అసంతృప్తికరం” అని రాశారు. దానితో ఫెలోషిప్ పెంపు ఆగిపోయింది. సందేహించిన విద్యార్థిని నవ్వులపాలు చేసేవారు ఎంత పెద్ద పదవిలో ఉన్నా శాస్త్రానికి మేలు చేయరని ఆ రోజే అనుకున్నాను, ఇవాళా అదే అంటాను.

కణాలు లేని వెల్స్ కూడా ఎర్రబడ్డాయి.

ఆ ఫలితం చూసిన మా గైడ్ గారు నాకు పూర్తిగా అండగా నిలిచారు. గ్లిసరోఫాస్ఫేట్‌ను 10 మిల్లీమోలార్ నుంచి 2కు తగ్గించి ప్రయోగాన్ని మొదటి నుంచి చేశాను. ఈసారి కణాలు లేని వెల్స్ తెల్లగానే ఉన్నాయి. కణాలున్న వాటిలో పెప్టైడ్ వల్ల వచ్చిన తేడా చిన్నదే అయినా నిలబడింది. రంగు మీదే ఆధారపడకుండా, కణాల్లోని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చర్యను కొలిచాను. కణాల ఆర్‌ఎన్‌ఏ తీసి, తొలి దశలో పనిచేసే రన్‌ఎక్స్2, చివరి దశలో వచ్చే ఆస్టియోకాల్సిన్ జన్యువులు ఎంత పనిచేస్తున్నాయో క్యూపీసీఆర్ పరీక్షతో చూశాను. రెండు జన్యువుల పనీ పెరిగింది. తర్వాతి సమీక్షలో అదే కమిటీ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా సంతకాలు చేసింది. పాత వ్యాఖ్యను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఇంతమంది కాదన్నా నిలబడి ఆ వెల్స్ పెట్టించింది నేనేనని గర్వంగా చెప్పుకుంటాను.

గ్రంథంలో ఈ పెప్టైడ్‌లు ఎముకను బలపరుస్తాయని రాయలేదు. ప్లేటులో పెరిగిన ఆస్టియోబ్లాస్ట్‌ల పరిపక్వతను కొంతమేర ప్రోత్సహించాయని మాత్రమే రాశాను. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్‌ల మీద ఇవి ఏం చేస్తాయో నేను చూడలేదు. ఆ పనిని మా ల్యాబ్‌లో మరో విద్యార్థిని మొదలుపెట్టింది. ఈ దారిలోకి వచ్చేవారు మొదటి ప్లేటులోనే కణాలు లేని వెల్స్ పెట్టుకుని, వాటి ఫోటోలను తేదీతో సహా నోట్‌బుక్‌లో అంటించి, సమీక్షకు వెళ్లే ముందే ఆ పేజీ మీద గైడ్ సంతకం తీసుకోండి.