గ్రేటా దూకిన నీళ్ళు

నేను వెళ్ళినప్పుడు స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో బస్సు టికెట్టు 43 క్రోనర్లు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో నాలుగొందలకి కాస్త తక్కువ. ఆ డబ్బుతో తెనాలి నుంచి విజయవాడ ఎన్నిసార్లు వెళ్ళి రావచ్చో లెక్కేస్తుంటే, "అమ్మా, ఇక్కడ రూపాయల్లోకి మార్చడం మొదలుపెడితే మంచినీళ్ళు కూడా గొంతు దిగవు" అంది అమ్మాయి. 75 నిమిషాలలోపు ఎన్ని బస్సులైనా మారొచ్చట. అదొక్కటే ఊరట.

స్టాక్‌హోమ్‌లో నెలరోజులున్నాను. మునిగి తేలిన వాసా ఓడ, రాజుగారి కోట, పాత బస్తీ అన్నీ తిప్పారు. వాటి గురించి రాసినవాళ్ళు బోలెడుమంది. నా మనసులో నిలిచింది మాత్రం 69వ నంబరు బస్సెక్కి వెళ్ళి చూసొచ్చిన ఉత్త నీళ్ళు.

మనవరాలి ఈత క్లాసు దగ్గర మొదలైందిది. ఇక్కడ ఆరో తరగతి దాటేలోగా ప్రతి పిల్లా 200 మీటర్లు ఈదాలి, అందులో 50 వెల్లకిలా. ఆ గంటా ఊరికే కూర్చోలేక ఫోన్లో వెతుకుతుంటే గ్రేటా యోహాన్సన్ దొరికింది. 1895లో ఈ ఊళ్ళోనే పుట్టింది. 1912 ఒలింపిక్స్ ఇక్కడే జరిగాయి. ఈతకీ డైవింగ్‌కీ ఆడవాళ్ళని రానిచ్చింది ఆ ఏడే మొదలు. అమెరికా అయితే ఒక్క ఆడపిల్లనీ పంపలేదు. ఆడవాళ్ళకి పెట్టిన డైవింగ్ పోటీ ఒకే ఒక్కటి. పిల్లిమొగ్గలూ మెలికలూ లేవు, 5 మీటర్ల నుంచీ 10 మీటర్ల నుంచీ సూటిగా దూకడమే. పది మీటర్లంటే మూడంతస్తుల మేడ! పదిహేడేళ్ళ గ్రేటా 39.9 మార్కులతో గెలిచింది.

ఆ పోటీ జరిగిన చోటు చూడాలన్నాను. "ఏముందమ్మా అక్కడ?" అంది అమ్మాయి. నిజమే, ఏమీ లేదు. యూర్‌గోర్డ్స్‌బ్రున్స్‌వీకెన్ అనే ఆ పాయ పేరు నోరు తిరిగేసరికి రెండు స్టాపులు దాటాయి. కట్టినదంతా తాత్కాలికపు చెక్క కట్టడం, ఆటలయ్యాక విప్పేశారు. గ్రేటా పేరున్న రాయి ఒక్కటీ నా కంటపడలేదు. బాతులున్నాయి.

చెక్క మెట్ల దగ్గర నా ఈడావిడ ఒకావిడ తువ్వాలు మడిచిపెట్టి, నిచ్చెన మీద వెనక్కి వెనక్కి దిగి, చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోయింది. తెల్ల జుట్టు మాత్రం పైకి తేలుతోంది. చూస్తూ అక్కడే కూలబడ్డాను.

మా ఊరి మోటబావిలో అన్నయ్య నడుముకి మునగబెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్నాడు, తర్వాత గట్టు మీంచి దూకేవాడు. ఒకసారి బోర్లా పడి పొట్టంతా కందిపోయింది. వాడి చొక్కా పట్టుకుని గట్టున కూర్చోవడం నా పని. నేనూ దూకుతానంటే నాయనమ్మ నా నోరు మూసేసింది. ఆడది బావిలో దూకిందంటే మా ఊళ్ళో అర్థమే వేరు.

గ్రేటా 1913లో అమెరికా వెళ్ళిపోయింది. అదే ఒలింపిక్స్‌లో దూకిన ఎర్న్‌స్ట్ బ్రాండ్‌స్టెన్‌ని పెళ్ళాడింది. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో కోచ్ అయ్యాడు. ఆయన శిష్యులు ఆల్ వైట్ 1924లో, పీట్ డెజార్డిన్స్ 1928లో రెండేసి డైవింగ్ బంగారు పతకాలు కొట్టారు. మళ్ళీ ఒలింపిక్స్‌లో గ్రేటా కనిపించదు. అంతర్జాతీయ ఈత ప్రముఖుల జాబితాలోకి ఆయన్ని 1966లోనే తీసుకున్నారు. పతకం గెలిచిన ఈవిడకి 1973 దాకా ఆగాల్సొచ్చింది. ఇంకో అయిదేళ్ళకి పోయింది. కోచ్‌గా ఆయన గొప్పవాడే, కాదనను. కానీ చదువుతుంటే ఒళ్ళు మండింది.

వచ్చేముందు ఆ నిచ్చెన రెండు మెట్లు దిగాను. చల్లదనం కాళ్ళని కొరికేసింది. "అమ్మా, చీర!" అని అమ్మాయి కేక. కుచ్చిళ్ళు అప్పటికే తడిసిపోయాయి. నీళ్ళోడుతూ స్టాపుకి వచ్చేసరికి 75 నిమిషాలూ దాటిపోయాయి. మళ్ళీ 43.