ఆలిస్ స్ప్రింగ్స్‌లో జీబ్రా ఫించ్‌ల పాట

హైదరాబాద్ పెట్ షాపుల్లో పంజరాల్లో పెట్టి అమ్మే ఎర్రముక్కు ఫించ్‌లను వాటి సొంత గడ్డమీద చూడాలని నాకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. పట్టుమని 12 గ్రాములు కూడా తూగని ఈ జీబ్రా ఫించ్, పాట మెదడులో ఎలా పుడుతుందో మనిషికి నేర్పిన పిట్ట. సిడ్నీలో ఉంటున్న చెల్లెలు తోడు వస్తాననడంతో జులైలో ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ ఊరికి బయల్దేరాం.

విమానం దిగాక అంతటా ఎర్రమట్టే. ఊళ్ళో టాడ్ నది ఉంది గానీ దాన్నిండా ఇసుకే. జులై అక్కడ చలికాలం, తెల్లవారుజామున వేళ్ళు కొంకర్లు పోయాయి.

సింప్సన్స్ గ్యాప్ ఊరికి 18 కిలోమీటర్లు. కొండ రెండుగా చీలిన చోట అడుగున కాస్త నీళ్ళు నిలిచి ఉంటాయి. శాలువాలు కప్పుకుని ఇసుకలో కూర్చున్నాం. ఎండ పొడ నీళ్ళ మీద పడ్డాక గానీ సందడి మొదలవలేదు. పీప్, పీప్ మంటూ గుంపులుగా వచ్చి వాలాయి. మగవాటికి బుగ్గమీద నారింజరంగు మచ్చ, గొంతు కింద సన్నటి నలుపు తెలుపు చారలు. ఆడవాటికి అవి లేవు.

మా పక్కనే ఉన్న పొదలో ఒక మగపిట్ట ఆడపిట్ట వైపు తిరిగి, ఈకలు ఉబ్బించి పాడింది. పల్లవి మొత్తం ఒక్క సెకను. మళ్ళీ అదే, మళ్ళీ అదే.

"ఇంతేనా అక్కా? దీనికోసమా ఇంత దూరం తీసుకొచ్చావు?" అంది చెల్లెలు.

ఆ ఒక్క సెకనులోనే ఉంది విషయమంతా. మెదడు పైభాగంలో హెచ్‌వీసీ అనే చోటు ఉంది. అక్కణ్ణుంచి ఆర్‌ఏ అనే చోటికి, దాన్నుంచి గొంతు కండరాలను నడిపే నరాలకు ఆజ్ఞలు వెళ్తాయి. 2002లో హాన్‌లోజర్, కొజెవ్నికోవ్, ఫీ అనే శాస్త్రవేత్తలు, పాడుతున్న పిట్టల్లోనే అక్కడి నాడీకణాల విద్యుత్ సంకేతాలను విన్నారు. హెచ్‌వీసీ నుంచి ఆర్‌ఏకి వెళ్ళే ఒక్కో కణం పల్లవి మొత్తంలో ఒకే ఒక్కసారి, ఆరు మిల్లీసెకన్ల పాటు పలికి ఊరుకుంటుంది. తర్వాతి పల్లవిలో మళ్ళీ సరిగ్గా అదే క్షణానికి పలుకుతుంది. దీపావళి టపాకాయల సరంలా ఒక కణం తర్వాత ఇంకో కణం. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది.

మరి తాళం ఉన్నది హెచ్‌వీసీలోనే అని నమ్మకమేంటి? 2008లో లాంగ్, ఫీ ఆ చోటును కొద్దిగా చల్లబరిచారు. స్వరాల వరుస చెడలేదు, పాట మొత్తం సాగి నెమ్మదించింది. ఆర్‌ఏని చల్లబరిస్తే వేగం దాదాపు మారలేదు. ఇంతకంటే అందమైన ప్రయోగం నాకు తెలియదు. ఆడపిట్ట ఎదుట ఉన్నప్పుడు మగదాని మెదడు కొంచెం వేడెక్కి, పాట కాస్త వేగంగా వస్తుందని కూడా తర్వాత తేలింది. మా పొదలో పిట్ట అప్పుడు చేస్తున్నది అదే.

"మరి ఆడది పాడదా?" అని అడిగింది చెల్లెలు, అప్పటికి ఫోను పక్కన పెట్టేసి. పాడదు. పాటకు పనికొచ్చే ఆ చోట్లు మగవాటిలో ఆడవాటికంటే ఎంతో పెద్దవని 1976లోనే నాట్‌బోమ్, ఆర్నాల్డ్ చూపించారు.

మధ్యాహ్నం దాటాక చెల్లెలే ఒకదాన్ని చూపించింది. ముక్కు ఇంకా నల్లగానే ఉంది, అంటే పిల్ల. కొమ్మమీద ఒంటరిగా కూర్చుని, ఒకదానికొకటి పొంతన లేని కూతలు గొణుగుతోంది. మగపిల్ల అన్నమాట. అవి తండ్రి పాట విని, తమ గొంతు తామే వింటూ దిద్దుకుంటూ మూడు నెలలకల్లా పాటను ఖాయం చేసుకుంటాయి. ఈ మొదటి గొణుగుడుకు హెచ్‌వీసీ అక్కర్లేదు, మెదడులోనే ఎల్‌మాన్ అనే ఇంకో చోటు చాలు. పెద్దపిట్ట ఒంటరిగా పాడేటప్పుడు పాటలో వచ్చే చిన్న చిన్న తేడాలకూ అదే కారణం.

ఎవరైనా వెళ్తే చలికాలంలో, వానలు లేని రోజుల్లో వెళ్ళండి. అప్పుడు ఫించ్‌లు నీళ్ళను విడిచి ఎంతో దూరం పోవు. బైనాక్యులర్స్ అవసరం లేదు, కదలకుండా కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. శాలువా మాత్రం మర్చిపోవద్దు.