మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు: నా పరిశోధన అనుభవం

మన తెలుగు బైబిల్లో మార్కు సువార్త 16వ అధ్యాయానికి 20 వచనాలుంటాయి. నాలుగో శతాబ్దపు గ్రీకు ప్రతులు రెండు, సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి, 8వ వచనం దగ్గరే ఆగిపోతాయి. యేసు సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, అంతటితో సువార్త అయిపోతుంది. పీహెచ్‌డీకి ఈ చిక్కే తీసుకుంటానంటే మా గైడు గారు "గ్రీకు వచ్చా?" అని అడిగారు. రాదన్నాను. "అయితే ముందు అదే" అన్నారు.

షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ వ్యాకరణం ఎలాగో పూర్తిచేశాను. అసలు కష్టం ప్రతులు చదవడంలో ఉంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, అన్నీ పెద్దక్షరాలే. దేవుడు, ప్రభువు, యేసు లాంటి పేర్లను రెండు మూడు అక్షరాలకు కుదించి పైన గీత గీస్తారు. సీనాయి ప్రతిలో ఎక్కువ భాగం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 2009 నుంచి దాని ఫొటోలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. విశాఖలో కూర్చుని నాలుగో శతాబ్దపు లేఖకుడి చేతిరాత చదవగలగడం నాకిప్పటికీ అద్భుతమే.

వాటికన్ ప్రతిలో 8వ వచనం తర్వాత ఒక నిలువు వరుస మొత్తం ఖాళీగా ఉంటుంది. మరో ముగింపు ఉందని లేఖకుడికి తెలిసి చోటు వదిలాడని కొందరంటారు. నేను దానిమీద ఎక్కువ భారం వేయలేదు. అదే ప్రతిలో పాత నిబంధన భాగంలోనూ ఖాళీ వరుసలున్నాయి. ఇంకోవైపు, సుమారు 180లో ఐరేనియస్ అనే క్రైస్తవ బిషప్పు 19వ వచనాన్ని మార్కు మాటగానే ఉదహరించాడు. అంటే ఈ రెండు ప్రతులకంటే ఆ వచనాలే పాతవి. కానీ 1వ వచనంలోనే కనిపించిన మగ్దలేనే మరియను 9వ వచనంలో కొత్త వ్యక్తిలా, ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ అని పరిచయం చేస్తారు. ఒకే చేయి రాసినట్టు నాకనిపించదు.

మా సంఘంలో ఈ సంగతి చెబితే ఒక పెద్దమ్మ గారు, "ఏం బాబూ, దేవుడి మాట కొట్టేస్తావా?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. మన భారతానికి పండితులు ప్రతులన్నీ పోల్చి సంశోధిత ముద్రణ వేశారు కదా, ఇదీ అలాంటి పనే, ఏ ప్రతిలో ఏముందో దాచకుండా చెప్పడమేనని వివరించాను. ఆవిడ ఒప్పుకోలేదు కానీ, మరుసటి ఆదివారం ముందు వరసలో కూర్చుని విన్నారు.

"సర్వలోకమునకు వెళ్లి" అనే 15వ వచనం కూడా ఈ పన్నెండింటిలోదే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, దెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు సాయంతో ఇక్కడే తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. వాళ్లకు సీనాయి ప్రతి సంగతి తెలిసే వీలే లేదు. జర్మన్ పండితుడు టిషెండార్ఫ్ దాని ఆకులు మొదటిసారి చూసింది 1844లో. ఈ అధ్యాయం గైడు గారు తగ్గించమన్నా నేను తగ్గించలేదు. మన ఊరి చరిత్ర అది.

పీహెచ్‌డీ చివర జరిగే మౌఖిక పరీక్ష, వైవాలో సూటిగా అడిగారు: చివరి ఆకు పోయిందా, మార్కే అక్కడ ఆపాడా? ఆపాడనే నా నమ్మకమనీ, ఉన్న ప్రతులతో రుజువు చేయలేమనీ చెప్పాను. ఐరేనియస్ మీద ఇంకొంత రాసి ఇమ్మన్నారు. రాసిచ్చాను, డిగ్రీ వచ్చింది.

ఇప్పుడు ఆదివారం బైబిలు క్లాసులో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, యోహాను 7:53 నుంచి 8:11 వరకు, చదువుతున్నాం. కొన్ని గ్రీకు ప్రతుల్లో అది లూకా 21వ అధ్యాయం తర్వాత ఉంటుంది. ఆ భాగం తీసుకుందామని అడిగింది పెద్దమ్మ గారే.