పంటినొప్పి అనుకున్నాను

మూడేళ్ళ క్రితం, భోగికి ముందురోజు. పొయ్యి దగ్గర పీట వేసుకుని అరిసెలు వండుతున్నాను. పాకం మా అత్తగారు పట్టారు, వేయించడం నా వంతు. చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తుతుంటే ఎడమవైపు కింది దవడ లాగడం మొదలైంది. పన్ను పాడైందేమో, పండుగ వెళ్ళాక చూపించుకుందాం అనుకుని ఒక లవంగం బుగ్గన పెట్టుకున్నాను. అప్పుడు టైము పదకొండు.

పావుగంటకు పొట్ట పైభాగంలో మంట, వికారం. తర్వాత చెమట. పుష్యమాసపు చలిలో రవికె మొత్తం తడిసిపోయి వీపుకు అంటుకుంది. పొయ్యి వేడి అనుకున్నాను. లేచి గదిలో పడుకున్నా చెమట ఆగలేదు. అది పొయ్యి వేడి కాదని నాకు అప్పుడే తెలియాల్సింది.

ఇంట్లో అందరూ ఒకే మాట అన్నారు: గ్యాసు. అత్తగారు వాము నీళ్ళు కాచి ఇచ్చారు. మావారు సోడా తెప్పించారు. పక్కింటి వదిన వచ్చి ఉపవాసాలు ఎక్కువ చేస్తావు, అందుకే అంది. వీధి చివర వైద్యుడు నాడి చూసి, గ్యాసుకే ఒక ఇంజెక్షన్ చేసి వెళ్ళాడు. బీపీ చూడలేదు, ఈసీజీ మాట ఎత్తలేదు. మా అందరి మనసుల్లో ఒకటే ధీమా. గుండెపోటు మగవాళ్ళకు వస్తుంది, సిగరెట్లు తాగేవాళ్ళకు వస్తుంది, గుండె మీద చేయి వేసుకుని కూలిపోయేవాళ్ళకు వస్తుంది. నాకు యాభై రెండేళ్ళు, నేను బడిలో లెక్కలు చెప్పే మనిషిని, నొప్పి దవడలో ఉంది.

సాయంత్రం నాలుగున్నరకు మా అబ్బాయి వచ్చి నా ముఖం చూసి ఎవరితోనూ మాట్లాడకుండా కారు తీశాడు. 108కు ఫోను చేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సామర్లకోట నుంచి కాకినాడ ఎంత దూరమో ఆ రోజు తెలిసింది. ఆసుపత్రిలో ముందుగా ఈసీజీ తీశారు. ఆ కాగితం చూసిన నర్సు నడవడం మానేసి పరుగెత్తింది. నాలుగు ఆస్పిరిన్ మాత్రలు చేతిలో పెట్టి, మింగవద్దు, నమలండి అన్నారు. ఆ పులుపు, ఆ సుద్దపిండి రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

కుడి మణికట్టు దగ్గర సన్నని గొట్టం ఎక్కించి రంగు పంపారు. మెలకువగానే ఉన్నాను కాబట్టి పక్కనున్న తెర నాకూ కనిపించింది. నల్లని కొమ్మల్లా రక్తనాళాలు విచ్చుకుంటున్నాయి. గుండెకు రక్తమిచ్చే కుడి ధమని మాత్రం కాస్త దూరం వచ్చి, విరిగిన కొమ్మలా ఆగిపోయింది. అక్కడ బెలూను ఉబ్బించి స్టెంటు పెట్టగానే ఆ కొమ్మ చివరిదాకా నల్లబడింది. దవడ నొప్పి తీసేసినట్టు పోయింది. అప్పటికి ఆరున్నర గంటలు గడిచాయి. గుండె కింది భాగంలో కొంత కండరం ఆ గంటల్లోనే చచ్చుబడింది. ఆ భాగం ఉదరవితానాన్ని, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొరను ఆనుకుని ఉంటుంది కాబట్టి అక్కడ వచ్చే పోటు తరచు కడుపులో మంటలా, వికారంలా తెలుస్తుందట.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. "అమ్మా, కాన్పుల్లో మీకు బీపీ వచ్చిందా?"

వచ్చింది. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో కాళ్ళకు నీరు పట్టి, బీపీ పెరిగి, గుర్రపు వాతం, అంటే బీపీ వల్ల ఫిట్స్ వస్తాయేమోనని నెల ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆ పురుటితో బీపీ పోయిందన్నారు, మేమూ మరిచిపోయాం. అలా బీపీ వచ్చిన స్త్రీలకు తర్వాతి జీవితంలో గుండె ధమనుల జబ్బు వచ్చే అవకాశం సుమారు రెట్టింపని ఆమె చెబితే నోట మాట రాలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కరూ నాకు ఆ సంగతి చెప్పలేదు. ఏటా ఒకసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోమని ఆనాడే ఒక ముక్క చెప్పి ఉంటే బాగుండేది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ధమనిలో జరిగిందేమిటో కూడా ఆమే విడమరచి చెప్పారు. గొట్టంలో పాచి పట్టినట్టు కాదట. ధమని లోపొర కింద కొవ్వు ఏళ్ళ తరబడి చేరి, కురుపులా తయారవుతుంది. దాని మీద పలచని పొర ఉంటుంది. ఒకరోజు ఆ పొర చిట్లితే, గాయం అనుకుని రక్తం అక్కడ గడ్డకడుతుంది. దారి మూసేది ఆ గడ్డ. అందుకే సగం కూడా మూసుకోని ధమని సైతం గంటలో పూర్తిగా మూసుకుపోగలదు, ముందురోజు వరకు మనిషి మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. స్టెంటు ఒక్కచోటే దారి తెరుస్తుంది. కురుపులు మిగతాచోట్ల కూడా ఉంటాయి, వాటిని నిదానపరచాల్సింది మందులూ నేనూ.

2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం గురించి మా అమ్మాయి చదివి చెప్పింది. 52 దేశాల్లో తొలి గుండెపోటు వచ్చినవాళ్ళను పరిశీలిస్తే, ముప్పులో దాదాపు 90 శాతానికి తొమ్మిది అంశాలే కారణమని తేలిందట. మన దక్షిణాసియా వాళ్ళకు పోటు మిగతా ప్రపంచం కంటే కొన్నేళ్ళు ముందే వస్తోందని కూడా అందులోనే తేలింది. ఆ తొమ్మిదీ కాగితం మీద రాసుకుని నావి చూసుకున్నాను. చెడ్డ కొలెస్ట్రాల్ 162. బీపీ ఉంది, మందు వాడలేదు. షుగర్ అంచున ఉంది. నడుము 94 సెంటీమీటర్లు, మన ఆడవాళ్ళకు 80 దాటితేనే ప్రమాదమంటారు. నడక లేదు. పళ్ళు పిల్లలకు కోసి పెట్టడమే కానీ నేను తిన్నది తక్కువ. నలభై ఏడో ఏట ముట్లు ఆగిపోయాక స్త్రీ హార్మోను ఇచ్చే రక్షణ కూడా తగ్గిందని డాక్టరమ్మ అన్నారు.

ఇంటికి వచ్చాక చేసిన మొదటి పని వంటింటి లెక్క. నలుగురం నెలకు ఐదు లీటర్ల నూనె వాడుతున్నాం, అంటే మనిషికి రోజుకు నలభై మిల్లీలీటర్లు పైనే. ఉప్పు నెలకు కిలోన్నర, మనిషికి రోజుకు పన్నెండున్నర గ్రాములు. ఆవకాయ, అప్పడాలు ఈ లెక్కలో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు గ్రాముల లోపు ఉండాలంటుంది. ఈ రెండు అంకెలు పలకమీద రాసి గోడకు తగిలించాను. వేయించిన నూనె దాచి మర్నాడు కూరకు వాడే అలవాటు ఆ రోజుతో పోయింది. ఉప్పు తగ్గిస్తే అత్తగారు మొదటి పదిహేను రోజులు ముద్ద మింగలేకపోయారు. నెల తిరిగేసరికి ఆవిడే చుట్టాలింట్లో పప్పు ఉప్పుకషాయంలా ఉందన్నారు. ఆవకాయ మానలేదు, బద్ద ఒక్కటే.

మావారి సంగతి రాయకుండా ఉండలేను. పాతికేళ్ళుగా రోజుకు పది సిగరెట్లు, అరుగు మీద కుర్చీలో. పొగ వంటింటి కిటికీలోంచి లోపలికే వచ్చేది. నేను తాగకపోయినా ఆ పొగ నా ధమనులకు కూడా చేటేనని ఆసుపత్రిలో విని ఆయన తల దించుకున్నారు. ఆ రాత్రి జేబులోని పెట్టెను ఆసుపత్రి బయట చెత్తకుండీలో వేశారు. మళ్ళీ ముట్టలేదు. మొదటి నెలంతా నిద్ర లేక అరుగు మీద అటూ ఇటూ తిరుగుతుంటే, నేనూ లేచి ఆయనతోపాటు తిరిగేదాన్ని. నా నడక మొదలైంది అలాగే.

అంతకు ముందు నన్ను భయం పీడించింది. స్నానం చేస్తుంటే గుండె ఆగుతుందేమో, ఎడమవైపు తిరిగి పడుకుంటే స్టెంటు కదులుతుందేమో అనిపించేది. స్టెంటు కదలదని, కొద్ది నెలల్లో ధమని లోపొర దాన్ని కప్పేస్తుందని తెలిశాక కొంత ధైర్యం వచ్చింది. మొదటివారం ఐదు నిమిషాలు, తర్వాత పది, మూడో నెలకు అరగంట. ఇప్పుడు వారానికి ఐదు రోజులు నలభై నిమిషాలు నడుస్తాను. కొలెస్ట్రాల్ మందు కాలేయాన్ని తినేస్తుంది, మానేసి వెల్లుల్లి తినమని ఒక బంధువు గట్టిగా చెప్పారు. రక్తం పలచబడే మాత్రలు ఏడాది లోపు మానితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టవచ్చు, కొలెస్ట్రాల్ మాత్ర మానితే కురుపులు మళ్ళీ మొదటికి వస్తాయి. ఇలాంటి సలహా విని మందులు మానేసేవాళ్ళను తలుచుకుంటే నాకు గుబులు. నాకు చెడ్డ కొలెస్ట్రాల్ 70 లోపు ఉండాలన్నారు, మొన్నటి పరీక్షలో 61 వచ్చింది. గుండె పంపింగ్ ఆ రోజు 45 శాతం, ఇప్పుడు 54.

మా అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. పోయిన వారం హైదరాబాదు వెళ్ళి దానితో పరీక్షకు వెళ్ళాను. ఫైలులో కుటుంబ చరిత్ర అన్నచోట గీత ఖాళీగా ఉంది. పెన్ను తీసుకుని నేనే రాశాను: తల్లికి రెండో కాన్పులో బీపీ, యాభై రెండో ఏట గుండెపోటు. నర్సు అది చదివి తలెత్తి నన్ను చూసి, బీపీ పట్టీ తెచ్చి మా అమ్మాయి చేతికి రెండోసారి చుట్టింది.