సాలూరు ఘాటీలో మా ఆటోమేటిక్ కారు మొరాయిస్తే - నా అనుభవం

మా అక్కావాళ్లు ఒడిశాలోని సునాబెడాలో ఉంటారు. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఘాటీ ఎక్కాలి. మొన్న సంక్రాంతి వెళ్లాక పిల్లల్ని తీసుకుని బయల్దేరితే సుంకి ఇవతల మలుపుల్లో కారు మొరాయించింది, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గోల పెట్టేస్తోంది, ఆర్‌పీఎం ముల్లు మూడున్నర వేలు దాటేస్తోంది గానీ బండి లాగట్లేదు, కాసేపాగి వెనకనుంచి ఎవరో గుద్దినట్టు దబ్బుమని గేరు పడుతోంది. వెనకాలేమో లోడు లారీలు. నాకు చెమటలు పట్టేశాయి.

కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, 92,000 కిలోమీటర్లు తిరిగింది. తిరిగొచ్చాక ఒక వర్క్‌షాపులో చూపిస్తే గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే పళ్లెం (పాన్) కూడా విప్పకుండా గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి, 1,80,000 అవుద్ది అన్నారు. మరి గేర్‌బాక్స్ ఆయిల్ మారిస్తే అనడిగితే అది లైఫ్‌టైమ్ సార్, ముట్టుకోకూడదు అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా బావది సాలూరే, లారీలున్నాయి. ఆ ఊళ్లో లారీలకీ మెకానిక్కులకీ కొదవేముంది, వాళ్లలో వైజాగ్‌లో ఏళ్ల తరబడి ఆటోమేటిక్ బళ్లు చేసొచ్చిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఆ ఆయిల్ చూసే పుల్ల (డిప్‌స్టిక్) లాగి తెల్లగుడ్డ మీద తుడిచాడు. నల్లగా మరక, మాడిన వాసన. "ఏటి బాబూ, కషాయంలాగుంది! కొత్తదయితే దానిమ్మ రసంలాగ ఎర్రగుంటాది" అన్నాడు.

అప్పుడు ఆయన చెప్పిందే నాకు అసలు విషయం. మాన్యువల్ బండిలో గేర్‌బాక్స్ ఆయిల్ గేర్ల పళ్లు అరక్కుండా చూస్తే చాలు, ఇందులో పనంతా ఆయిల్‌దే. ఇంజన్ వైపు రెక్కలు తిరిగి ఆయిల్‌ని విసురుతాయి, ఆ విసురుకి గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి, మధ్యలో స్టేటర్ అనే ఇంకో రెక్కల చక్రం తిరిగొచ్చే ఆయిల్‌ని మళ్లీ పనికొచ్చే వైపు మళ్లిస్తుంది, బండి కదిలేటప్పుడు బలం పెరిగేది దానివల్లే. అది టార్క్ కన్వర్టర్. దాని వెనక నడిమి గేరు, చుట్టూ తిరిగే చిన్న గేర్లు, బయట రింగు, వీటిలో ఒకదాన్ని పట్టి ఆపితే ఒక గేరు, ఇంకోదాన్ని ఆపితే ఇంకో గేరు. ఆ పట్టి ఆపే క్లచ్ ప్లేట్లని నొక్కేది కూడా ఆయిల్ ప్రెజరే! ఆయిల్ మాడిపోతే ప్లేట్లు పట్టు తప్పి జారతాయి, ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. ఘాటీలో నాకు జరిగింది అదే.

(ఏఎంటీ అనే రకం ఆటోమేటిక్ బళ్లకి ఇది వర్తించదు, వాటిలో మాన్యువల్ బండిలోలాగ మామూలు క్లచ్చే, మన కాలి బదులు యాక్చుయేటర్ అనే పరికరం నొక్కుతుంది.)

పాన్ విప్పాక, అరిగిన లోహప్పొడిని పట్టే లోపలి అయస్కాంతాలు చూపించాడు. బూడిదరంగు ముద్ద మెత్తగా కాటుకలాగుంది, వేళ్ల మధ్య నలిపి చూశాడు, గరుకు తగల్లేదు. "రవ్వలు రాల్లేదు, బతికిపోనావు. ముక్కలు దొరికితే మటుకు ఆయిల్ మార్చినా లాభం లేదు" అన్నాడు. కొత్త ఫిల్టరు, గ్యాస్కెట్టు వేశాడు. పాత ఆయిల్ దిగింది మూడున్నర లీటర్లే, మిగతాది చాలావరకు కన్వర్టర్లోనే ఉండిపోద్ది, అందుకే ఐదొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మన్నాడు. ఆయిల్ మాత్రం కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే, వేరేది పొయ్యనివ్వలేదు. లెవెల్ కూడా బండి వేడెక్కాక ఇంజన్ ఆన్‌లో ఉంచి, అన్ని గేర్లూ ఒకసారి తిప్పి చూశాడు. రెండుసార్లకీ కలిపి 14,000 అయింది.

వెళ్లేటప్పుడు ఇంకోటి అడిగాడు, ఘాటీ దిగేటప్పుడు కూడా డి (డ్రైవ్) లోనే వదిలేస్తన్నావా అని. అవును, బ్రేకులు వాసనొచ్చేదాకా తొక్కేవాణ్ణి. దిగువకి మాన్యువల్ మోడ్‌లో రెండోదో మూడోదో పెట్టుకో, ఇంజనే పట్టి ఉంచుద్ది అన్నాడు.

పోయిన వారం మళ్లీ సునాబెడా వెళ్లొచ్చాం. ఎక్కేటప్పుడు ఆ దబ్బు లేదు. దిగేటప్పుడు సుంకి నుంచి సాలూరు దాకా రెండూ మూడూ గేర్లలోనే వచ్చాను, బ్రేకు వాడకం బాగా తగ్గింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు చిన్న కుదుపు ఇంకా ఉంది, ప్లేట్లు కొంత అరిగే ఉంటాయి, పెరిగితే తీసుకురా అన్నాడు పెద్దాయన.