తాతయ్యకి లివర్ ప్రాబ్లమ్

మా అబ్బాయి తాగుడు మానేసి ఏడాదైంది. ఇరవై మూడేళ్లు వాడికి. ఈ రెండు ముక్కలు టైప్ చేయడానికి నాకు పావుగంట పట్టింది, మూడుసార్లు చెరిపేశా.

డల్లాస్‌లో పుట్టి పెరిగాడు. ఆదివారం తెలుగు క్లాసులు, మృదంగం, అన్నీ అయ్యాయి. కాలేజీ రెండో ఏడు యాంగ్జైటీ అన్నారు, చదువు టెన్షన్ అనుకున్నాం. అక్కడ 21 నిండకుండా మందు కొనడానికి లేదు కదా, వీడికెక్కడ దొరుకుతుందిలే అనుకున్న తెలివి నాది. నిద్ర పట్టడానికి తాగడం, దిగాక గుండె దడ, ఆ దడ తగ్గడానికి మళ్లీ తాగడం, ఇలా రెండేళ్లు నడిచిందట, మాకేమో వీకెండ్ వీడియో కాల్‌లో నవ్వుతూ కనిపించేవాడు.

హాస్పిటల్లో చేర్చిన రోజు డాక్టర్ అడిగింది, ఫ్యామిలీలో ఎవరికైనా ఈ సమస్య ఉందా అని. టక్కున "నో" అన్నా. వాడు పక్కనే మంచం మీద ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి.

మా నాన్న తాగేవాడు. బాగా తాగేవాడు. 2006లో లివర్ చెడిపోయి చనిపోయాడు, వీసా స్టాంపింగ్ ఆగిపోయి తిరిగి వెళ్లలేనేమో అన్న భయంతో నేను చివరిచూపుకి కూడా రాలేదు. పిల్లాడికి "తాతయ్యకి లివర్ ప్రాబ్లమ్" అని చెప్పాం, అది అబద్ధం కూడా కాదు, అందుకే ఇన్నేళ్లు చక్కగా చెల్లిపోయింది. వీడి సంగతి తెలిసిన రోజు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మనిళ్లల్లో ఇలాంటివి ఉండవురా, ఇదంతా ఈ దేశం గాలి."

మొన్న ఫిబ్రవరిలో మా అన్నయ్య కూతురి పెళ్లికి హైదరాబాద్ వచ్చాం. నల్లకుంట ఇంట్లో మొదటి రాత్రి వాడు మాత్ర వేసుకుంటుంటే అమ్మ చూసి ఏంటి నాన్నా అది, జ్వరమా అంది. నాల్ట్రెక్సోన్ అని రోజుకొకటి, తాగాలన్న యావ తగ్గించడానికి. ఏదో విటమిన్ అని నేను అందుకునేలోపే వాడు తన వచ్చీరాని తెలుగులో మొత్తం చెప్పేశాడు. నేను వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయా, అమ్మకి బీపీ, ఏమవుతుందో అని.

అమ్మ "ఎన్నాళ్లైంది మానేసి?" అంది.

"పదకొండు నెలలు."

"మీ తాత పదకొండు రోజులు ఉండలేదు."

ఇక ఆ రాత్రి గంటన్నర చెప్తూనే ఉంది. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెడితే ఇక మా సంసారం గట్టెక్కిందనుకుందట, నెల తిరక్కుండానే ఎవరో బీదర్ వైపు నుంచి సీసాలు తెచ్చివ్వడం మొదలైంది, 1997లో నిషేధం ఎత్తేసేదాకా అప్పు చేసి మరీ రెట్టింపు రేటుకి కొన్నాడు. మధ్యలో ఒకసారి తనంతట తనే మానేస్తానని ఒట్టేసి కూర్చున్నాడట. రెండో రోజు ఫిట్స్. మూడో రోజు గోడ మీద తేళ్లు పాకుతున్నాయని అరుపులు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఎవరో ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్‌కి తీసుకెళ్లమంటే పరువు పోతుందని మా నాయనమ్మ ఒప్పుకోలేదు. నేనప్పుడు వరంగల్ హాస్టల్లో ఉన్నా, ఇవేవీ నాకే తెలీదు. స్కూల్లో ఎవడైనా తిక్కగా మాట్లాడితే వీణ్ణి ఎర్రగడ్డలో పడేయాలిరా అని నవ్వుకునేవాళ్లం, అదొకటి గుర్తొచ్చింది. (ఇప్పుడైతే టెలీమానస్ అనే మానసిక సమస్యల హెల్ప్‌లైన్ వాళ్ల 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అప్పుడు మా అమ్మకి తాయెత్తే దిక్కు.)

మా వాడు అంతా విని, "అది విత్‌డ్రాయల్ అమ్మమ్మా, గాలి కాదు" అన్నాడు. రోజూ తాగే ఒళ్లు ఒక్కసారిగా ఆపితే అలాగే అవుతుందని, ప్రాణం మీదికి కూడా రావచ్చని, అందుకే తనని హాస్పిటల్లో పెట్టి మందులిస్తూ మాన్పించారని, సగం ఇంగ్లీషులో సగం చేతులతో చెప్పాడు. అమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మరి నేను దిష్టి తీయకనే అలా అయిందని మా అత్తగారు అన్నదే" అంది.

తర్వాత డాబా మీద వాడు నాతో అన్నాడు, మామ్, మొత్తం ఫ్యామిలీలో నేనే ఫస్ట్ అనుకున్నా, నువ్వు చెప్పిన హైదరాబాద్‌లో అన్నీ పండగలే. ఇందులో వంశం నుంచి వచ్చే జీన్స్ సగమే, మిగతాది నా సంగతే, బట్ ఐ థాట్ ఐ వాజ్ ది ఓన్లీ వన్. నేనేం మాట్లాడలేదు. అంత దూరం వెళ్లాక ఊరిని కాస్త ఉతికి ఇస్త్రీ చేసి పిల్లలకిస్తాం, వాళ్లేమో ఆ చొక్కా తమకి సరిపోవట్లేదని తమలోనే లోపం వెతుక్కుంటారు. ఆ రాత్రే డాక్టర్‌కి మెసేజ్ పెట్టా, ఫ్యామిలీ హిస్టరీ మార్చండి, మా నాన్న, అని.

మధ్యలో సికింద్రాబాద్‌లో ఒక చర్చి హాల్లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునేది) మీటింగ్‌కి వెళ్లొచ్చాడు. నేను బయట కార్లో కూర్చున్నా. వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, క్వార్టర్ అంటే ఏంటి, అందరూ అదే అంటున్నారు, పాతిక సెంట్లా?

సంగీత్ రాత్రి మా అన్నయ్య ఫ్రెండ్స్ సంగతి చెప్పక్కర్లేదు. ఒక్క పెగ్గేరా, అమెరికాలో పెరిగి ఈ నకరాలేంటి, ఆడపిల్లలా, అంటూ ఒకాయన గ్లాసు చేతిలో పెట్టబోయాడు. నేను లేవబోతే వాడు కళ్లతోనే వద్దన్నాడు. "నేను తాగను అంకుల్" అన్నాడు, అంతే, కారణం చెప్పలేదు. ఆయన వదిలితేగా.

ఇంతలో పక్క టేబుల్ నుంచి అమ్మ, చెవులు సరిగా వినపడవు కాబట్టి హాలంతా వినపడేలా, "ఒరేయ్ నాన్నా, మందు వేసుకున్నావా?"

అందరూ అటు తిరిగారు. ఆ గ్లాసాయన నోరు తెరిచి మా అమ్మనే చూస్తున్నాడు.

"వేసుకున్నా అమ్మమ్మా" అని అరిచి, జేబులోంచి మాత్రల స్ట్రిప్ తీసి ఊపాడు.