తొంభై నాలుగు కిలోమీటర్లు

సెలవు మీద వచ్చిన నాలుగో రోజు జడ్చర్లలో మా బామ్మర్ది షెడ్డుకు పోయాను. హైవే పక్కన రేకుల షెడ్డు. ఎక్కువగా ట్రాక్టర్లు, ఆటోలు వస్తుంటాయి. ఆ రోజు లోపల ఒక తెల్ల కారు ఉంది.

"ఎవల్దిరా?" అన్నాను.

"నాదే బావా. ఆదివారం హైదరాబాద్‌ల తీసుకున్న. సెకండ్ హ్యాండే గని మస్తు కండిషన్ల ఉంది." కాసేపాగి గొంతు తగ్గించాడు. "పొద్దుగాల్నుంచి ఇంజిన్ లైటు ఎలుగుతుంది. జర చూస్తవా?"

చూడటానికి కావలసిన సామాను నా బ్యాగులోనే ఉంది. దుప్పట్లు, ఖర్జూరాలు, పిల్లల చాక్లెట్ల కింద ఒక చిన్న అడాప్టర్, దాని కేబుల్. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నేను అన్నం తినేది దానిమీదే.

స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అడాప్టర్ అందులో కూర్చుంటుంది, కేబుల్ ల్యాప్‌టాప్‌కు పోతుంది. లోపల ఉండేది ఈఎల్‌ఎం327 అనే చిప్పు. కార్ల కంప్యూటర్లు అన్నీ ఒక్క భాషలో మాట్లాడవు. ఇప్పటి బండ్లది క్యాన్, కొన్ని పాత బండ్లది కే లైన్, ఇంకా పాత అమెరికా బండ్లవి వేరే. ఆ మాటలన్నీ విని మనకు మామూలు సీరియల్ అక్షరాలుగా అందిస్తుంది ఈ చిప్పు. దుబాసీ అన్నమాట.

నాకే అక్కడ దుబాసీ లేడు. ఎనిమిదేళ్ల కింద హెల్పర్ వీసా మీద పోయాను. మా నాయన తరంలో పాలమూరు లేబర్‌కు గుంపు మేస్త్రీ ముందు అడ్వాన్సు ఇచ్చి డ్యాముల పనికి తోలుకపోయేవాడు. నా తరానికి వచ్చేసరికి మనమే ఏజెంటుకు ఎదురు కట్టాలి. గ్యారేజీలో ఒకడు మలయాళం, ఒకడు పష్తో, ఓనర్ అరబ్బీ, అందరికీ కలిపి ముక్కలు ముక్కల హిందీ. ఎవరేమన్నా తల ఊపేవాణ్ణి. ఒకసారి రేడియేటర్ నీళ్లు తీయమంటే గేర్‌బాక్స్ ఆయిల్ తీసేశాను. మూడు రోజుల జీతం కోశారు. అర్థం కాలేదని ముందే అనుంటే పోయేది కాదు. అనలేదు.

తర్వాత ఒక మలయాళీ ఎలక్ట్రీషియన్ కింద పడ్డాను. అందరూ చేట్టా, అంటే అన్న, అనేవాళ్లం. ఆయనే ఈ చిప్పు దగ్గర కూర్చోబెట్టాడు. మొదటిసారి నేను చిప్పు, ల్యాప్‌టాప్ మాట్లాడుకునే స్పీడు 9600 పెట్టాను. స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు. చిప్పు కాలిపోయిందనుకుని టెన్షన్ పడ్డాను. చేట్టా వచ్చి 38400 చేశాడు. మిగతా సెట్టింగులు: ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. ఏటీజెడ్ అని కొట్టి ఎంటర్ నొక్కితే రీసెట్ అయి, పేరు, వెర్షన్ చెప్పి, కింద ఒక బాణం మొన పెట్టింది. నేను తయారు, ఇక అడుగు అని దాని అర్థం. ఆ మొన రాకముందే ఏదైనా మీట నొక్కితే చేస్తున్న పని ఆపేసి 'స్టాప్‌డ్' అంటుంది. తెలియని కమాండ్ కొడితే తిట్టదు, నటించదు, ఒక్క ప్రశ్న గుర్తు పెడుతుంది. ఆ గుర్తును నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

దాని జవాబులు పదహారు అంకెల లెక్కలో వస్తాయి. తొమ్మిది దాటితే ఏ నుంచి ఎఫ్ దాకా. ఇంజిన్ వేడి ఎంత అని 0105 కొడితే 41 05 7బీ అంటుంది. మన 01కి 40 కలిపి 41గా తిప్పి చెప్పడం, ఇది నీ ప్రశ్నకు జవాబే అని గుర్తు. 7బీ అంటే ఏడు పదహార్లకు పదకొండు కలిపి 123, అందులోంచి 40 తీసేస్తే 83 డిగ్రీలు. ఇంజిన్ తిరిగే వేగానికి వచ్చిన లెక్కను నాలుగుతో భాగించాలి: 0సీ 80 అంటే 3200, నాలుగో వంతు 800. బిర్యానీ అట్టపెట్టెల మీద రాసుకుని నేర్చుకున్నాను. పదో తరగతిలో లెక్కలు తప్పినవాణ్ణి.

నా అడాప్టర్ అసలుది కాదు, అది కూడా చెప్పాలి. వెర్షన్ 1.5 అంటుంది. ఈ చిప్పును తయారుచేసిన కెనడా కంపెనీ 1.5 అని ఎప్పుడూ విడుదల చేయనే లేదు. మొదటి వెర్షన్‌కు కాపీ కాకుండా తాళం పెట్టలేదు, దాంతో లోకమంతా నకళ్లు. ఆ కంపెనీ 2022లో మూతపడింది, నకలు నా బ్యాగులో బతికే ఉంది.

బామ్మర్ది కారుకు పెట్టి 03 కొట్టాను, దాచుకున్న తప్పులు చెప్పు అని. 43 01 04 20. తప్పు ఒకటే, పీ0420. సైలెన్సర్ దారిలో ఉండే కేటలిటిక్ కన్వర్టర్ పొగను సరిగ్గా శుభ్రం చేయడం లేదని దాని మాట. ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొకటి ఉంటాయి. వెనకది కూడా ముందుదానిలాగే ఎగిరెగిరి పడుతుంటే కంప్యూటర్‌కు అనుమానం వస్తుంది. సెన్సరే పోయి ఉండొచ్చు, పైపు ఎక్కడైనా లీకై ఉండొచ్చు. అవి చూడకుండా కన్వర్టర్ మార్చమనేవాణ్ణి నమ్మకూడదు. లోపల ప్లాటినం, పల్లాడియం ఉంటాయి, ధర మామూలుగా ఉండదు.

"04 కొడితే లైటు ఆరుతదంట గద బావా?"

ఆరుతుంది. 04 అంటే దాచుకున్న తప్పులు చెరిపేయమని. నాకంటే బాగా ఎవరికి తెలుసు? సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు పోయే కార్లు ముందు మా గ్యారేజీకి వచ్చేవి. 04 కొట్టు అనేవాడు ఓనర్. కొడితే 44 అని వచ్చేది, లైటు ఆరేది. రోగం అట్లనే ఉంటుంది, కంప్యూటర్ మళ్లీ పరీక్ష చేసుకుని పట్టుకునేదాకా కొన్ని రోజులు కనబడదు, అంతే. మళ్లీ వెలుగుతుంది సార్ అన్నాను ఒకసారి. ఖలాస్ అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు. ఎన్ని కార్లకు కొట్టానో లెక్క పెట్టలేదు.

బామ్మర్ది బండికి 04 కొట్టలేదు. 0131 కొట్టాను. తప్పులు చెరిపినప్పటి నుంచి బండి ఎంత దూరం నడిచిందో చెప్పే ప్రశ్న అది. 41 31 00 5ఈ వచ్చింది. ఐదు పదహార్లు ఎనభై, పద్నాలుగు కలిపితే తొంభై నాలుగు కిలోమీటర్లు.

"బండి తీసుకున్న కాడి నుంచి ఈడికి ఎంతుంటదిరా?"

"ఎనభై, తొంభై ఉంటది."

"తెచ్చినంక తిప్పినవా?"

"ఏడికి తిప్పలే. రెండు మూడుసార్లు బస్టాండ్ దాకా పోయొచ్చిన."

స్క్రీన్ మీది అంకె చూపించి విషయం చెప్పాను. వాడు ముందు నమ్మలేదు, మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ అదే వచ్చింది.

"నాకు అమ్మే ముందట చెరిపిండ్రా? ఎవడు బావా, గసొంటి పని చేసెటోడు?"

"నా అసొంటోడే" అన్నాను.

జోక్ అనుకుని నవ్వాడు.